డాక్టర్లు కాబోయేవాళ్ళ భాష

ఈ మధ్య మనవాళ్ళ పిల్లలు కొందరు ఇక్కడి యూనివర్సిటీల్లో అడ్వైజర్లుగా చేరుతున్నారు. ఒకరిద్దరు ఫోన్ చేసి, "అంకుల్, ఆ జాబ్ ఎలా ఉంటుంది?" అని అడిగారు. బాగానే ఉంటుందని చెప్పాను. ఫోన్‌లో అంతకంటే చెప్పలేం. చెప్పకుండా మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను.

రెండువేల ఒకటి నుంచి పదిహేను దాకా ఉత్తర వర్జీనియాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ప్రీ-హెల్త్ అడ్వైజర్‌గా పనిచేశాను. మన దగ్గరలాగా ఇంటర్ అవగానే మెడిసిన్‌లో చేరడం ఇక్కడ ఉండదు. ముందు నాలుగేళ్ళు ఏదో ఒక డిగ్రీ చదవాలి, ఆ తర్వాతే మెడికల్ స్కూల్. ఆ నాలుగేళ్ళలో డాక్టరో డెంటిస్టో ఫార్మసిస్టో కావాలనుకునే పిల్లలకు ఏం చదవాలో, ఎప్పుడు అప్లై చేయాలో, ఎప్పుడు ఆ ఆశ వదులుకోవాలో చెప్పడం నా పని. మొదటి రెండూ ఎవరైనా చెబుతారు. మూడోది చెప్పినందుకే నాకు జీతం ఇచ్చారనుకుంటాను.

నేను ఫిజియాలజీలో పీహెచ్‌డీ చేసినవాణ్ణి. ప్రొఫెసర్ ఉద్యోగం దొరకలేదు. ఈ కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నాను. చాలామంది అడ్వైజర్ల కథ ఇంతే, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

క్లబ్బు

ఈ ఉద్యోగంలో చేరగానే మీకు తెలిసే మొదటి సంగతి, పిల్లలు మీ మాట కోసం ఎదురుచూడటం లేదని. వాళ్ళకి ఒక క్లబ్బు ఉంటుంది. మా దగ్గర అది గురువారం సాయంత్రాలు సైన్స్ బిల్డింగ్ కింది అంతస్తులో ఒక క్లాస్‌రూమ్‌లో జరిగేది. ప్రతి క్లబ్బుకీ ఉద్యోగి ఒకరు బాధ్యుడిగా ఉండాలన్నది నియమం. ఆ బాధ్యుణ్ణి నేను. గదికి సంతకం పెడతాను, పిజ్జాకి సంతకం పెడతాను, వెనక బెంచీలో కూర్చుంటాను. అంతకుమించి ఆ గదిలో నాకు స్థానం లేదు.

క్లబ్బు మొదట నేర్పేది మాట్లాడటం. షాడోయింగ్ అంటే డాక్టరు వెనకాల నిలబడి ఆయన పని చూడటం. అవర్స్ అంటే అలా నిలబడ్డ గంటలు. స్టోరీ అంటే మన బతుకులో అడ్మిషన్ కమిటీకి పనికొచ్చే ముక్క. "నీ స్టోరీ ఏంటి?" అని వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడుగుతుంటే మొదట్లో నాకు నవ్వొచ్చేది.

వంశీ అని ఒక కుర్రాడు. మొదటి సంవత్సరం, మొదటి మీటింగ్. డాక్టర్ ఎందుకు అవ్వాలనుకుంటున్నావని సీనియర్ అడిగితే లేచి, "మా మామ్ చెప్పింది," అన్నాడు. గదంతా నవ్వింది. వాడూ నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఏడాది చివర అదే ప్రశ్నకి అదే కుర్రాడు, వైద్యం అందని వర్గాలకు సేవ చేయడం తన జీవిత లక్ష్యమని తడబడకుండా చెప్పాడు. బయటికొచ్చాక, "ఏ వర్గాలు నాయనా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఐ గెస్, రూరల్?" అన్నాడు.

వాడు అబద్ధం చెప్పాడని నేను అనను. అక్కడ ఎవరూ అబద్ధాలు నేర్పరు. అందరూ అలా మాట్లాడుతుంటే తనూ అలా మాట్లాడతాడు. మాట్లాడగా మాట్లాడగా అది తన మాటే అనుకుంటాడు. అలా మాట్లాడటం రానివాడు నెమ్మదిగా రావడం మానేస్తాడు. మానేసినవాళ్ళలో మంచి డాక్టర్లు అయ్యుండేవాళ్ళు ఎందరున్నారో ఎవరూ చూడరు. నేనూ చూడలేకపోయాను.

ఇక సీటు వచ్చిన సీనియర్ మాట అక్కడ వేదం. అడ్వైజర్ మాట పంచాంగంలాంటిది. అందరి ఇంట్లో ఉంటుంది, కొందరు చూస్తారు.

స్నిగ్ధ

స్నిగ్ధ వాళ్ళది హెర్న్‌డన్. మాకు రెండు వీధుల అవతల ఇల్లు. తండ్రి సాఫ్ట్‌వేర్, తల్లి పద్మగారు ఇంట్లోనే ఉండేవారు. ఇంట్లో ఉండక తప్పని పరిస్థితి. స్నిగ్ధ కంటే నాలుగేళ్ళు చిన్నవాడు, తమ్ముడు కార్తీక్. కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే జబ్బు వాడికి. నేను చూసేనాటికే మోటార్ చక్రాల కుర్చీలో ఉన్నాడు. చేతులు పైకి లేచేవి కావు. వేళ్ళు మాత్రం కుర్చీ నడిపేంత కదిలేవి.

ఉగాదికి తలా ఒక వంట తెచ్చుకుని కలిసే పాట్‌లక్‌లో వాళ్ళిద్దర్నీ చూడటం నాకు బాగా గుర్తు. ఆ పిల్ల తమ్ముడికి పులిహోర తినిపిస్తూ వాడితో ఏదో లెక్క గురించి దెబ్బలాడుతోంది. వాడు నోట్లో ముద్ద ఉండగానే తిప్పికొడుతున్నాడు. ముద్ద మింగే దాకా ఆగమని ఆమె, నోరు మూయించడానికే పెద్ద ముద్ద పెట్టావని వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు జాలిగా చూస్తున్నారు. వాళ్ళిద్దరికీ ఆ జాలి కనబడనంత పనుంది.

స్నిగ్ధ మా యూనివర్సిటీలో చేరింది, క్లబ్బులో చేరింది. చురుకైన పిల్ల. మూడో ఏడు చివర్లో మెడికల్ స్కూళ్ళకి పంపే వ్యాసం పట్టుకుని నా ఆఫీసుకి వచ్చింది. డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావో ఒక పేజీలో రాయాలి. మార్కుల తర్వాత ఈ పిల్లల తలరాత తేల్చేది ఆ పేజీయే.

చదువుతూ నేను పైకే నవ్వాను. తమ్ముడితో రమ్మీ ఆడటం గురించి రాసింది. వాడు ముక్కలు పట్టుకోలేడు కాబట్టి వాడి ముక్కలు కూడా ఆమే వాడి మొహం ముందు పట్టుకోవాలి. పట్టుకున్నప్పుడు కళ్ళు పక్కకి తిప్పుకోవాలని ఒప్పందం. నువ్వు చూశావని వాడు, చూడలేదని ఈమె. నిజానికి ఎప్పుడూ తొండి చేసేది వాడే. చివర్న రాసింది: "వాడికి ఈ జబ్బు లేకపోతే నేను డాక్టర్ అవుదామనుకునేదాన్నా? తెలియదు. ఆ ప్రశ్న నాకు ఇష్టం లేదు."

"ఇందులో కామా కూడా మార్చకు," అన్నాను.

"నిజంగానా అంకుల్?" సంతోషించింది. "బట్ నెక్స్ట్ వీక్ క్లబ్‌లో రివ్యూ ఉంది. వాళ్ళు కూడా చూస్తారు కదా."

చూశారు. క్లబ్బులో వ్యాసాల రివ్యూ అంటే మీ పేజీని గోడ మీద తెరపై వేస్తారు, అందరూ తలా ఒక మాట చెబుతారు. ఆ ఏడాది ప్రెసిడెంట్ ఎరిక్. మూడు మెడికల్ స్కూళ్ళలో సీటు తెచ్చుకున్నవాడు. చెడ్డవాడు కాదు, సొంత పరీక్షలు పెట్టుకుని కూడా జూనియర్ల వ్యాసాల కోసం గంటలు గంటలు కూర్చునేవాడు. తెర మీద రమ్మీ ఆట చదివి, "ఇది ముద్దుగా ఉంది. కమిటీ వాళ్ళు ముద్దు కోసం చదవరు. ఇందులో పేషెంట్ ఎక్కడ?" అన్నాడు. ఎవరో, "నీ దగ్గర ఇంత స్టోరీ ఉండి పేకాట రాశావేంటి!" అన్నారు. ఆ మాట మెచ్చుకోలుగానే అన్నారు. స్నిగ్ధ రాసుకుంది.

కొన్ని వారాల తర్వాత కొత్త పేజీ తెచ్చింది. మొదటి వాక్యం: "నా మొదటి పేషెంట్ నా తమ్ముడు."

చదివి బల్ల మీద పెట్టాను. "ఇది ఎవరి గురించమ్మా?"

"కార్తీక్ గురించే అంకుల్."

"వాడు నాకు ఇందులో కనబడలేదు."

"అంకుల్, యూ డోంట్ గెట్ ఇట్. ఇది వాడి గురించి కాదు, నా గురించి ఉండాలి. వాడి వల్ల నేను ఏం నేర్చుకున్నాను అన్నది రాయాలి."

"ముందు రాసిందాన్లో నువ్వూ ఉన్నావు, వాడూ ఉన్నాడు."

ఆమె ఇబ్బందిగా నవ్వింది. "ఎరిక్‌కి త్రీ స్కూల్స్ వచ్చాయి అంకుల్. మీరు అసలు ఎప్పుడూ అప్లై చేయలేదు కదా." ఎగతాళిగా అనలేదు. ఉన్నమాటే అంది. పేజీ ఆమెకి తిరిగిచ్చాను.

ఆ వ్యాసంతో ఆమెకి సీటు వచ్చింది. మొదటి వ్యాసంతో వచ్చేదా? ఎవరు చెప్పగలరు? మీరు ఈ ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇలాంటి ప్రశ్నలకి జవాబు తెలియకుండానే సలహా చెప్పాల్సి వస్తుంది.

ఓపెన్ హౌస్

మా పై అధికారి మిసెస్ హేల్. సమర్థురాలు. మా ఆఫీసుకి నిధులు తెచ్చింది ఆవిడే, నా ఉద్యోగం నిలిపింది ఆవిడే. ఆవిడకి ఒకే బలహీనత: మా పిల్లల్లో ఎంతమందికి సీట్లు వస్తున్నాయో చూపించుకోవడం. తల్లిదండ్రులు అది చూసి పిల్లల్ని పంపిస్తారు, డబ్బు వస్తుంది, ఆఫీసు నడుస్తుంది. ఆవిడ పద్ధతి తప్పని చెప్పడం సులభం. ఆ కుర్చీలో కూర్చుని వేరేలా నడిపినవాళ్ళని నేను చూడలేదు.

ఆ వసంతంలో ఓపెన్ హౌస్ కోసం, అంటే కొత్తగా చేరబోయే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు క్యాంపస్ చూడటానికి వచ్చే శనివారం కోసం, మంచి వ్యాసాలు కొన్ని చిన్న పుస్తకంగా వేయించింది. స్నిగ్ధని అడిగారు, ఆ పిల్ల సరేనంది. క్లబ్బులో అలాంటిది కాదనేవాళ్ళు ఉండరు. అది గౌరవం.

నేను మిసెస్ హేల్ దగ్గరికి వెళ్ళి, "ఆ తమ్ముడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు. వాణ్ణి అడగకుండా వేయడం బాగుండదు," అన్నాను.

"పేరు తీసేశాం కదా మూర్తీ," అంది. "ఎంత అందమైన వ్యాసం అది! ఎవరికి అభ్యంతరం ఉంటుంది?"

నియమం ప్రకారం ఆవిడ మాటే ఒప్పు.

కార్తీక్‌కి ఆ ఏడాదే మా యూనివర్సిటీలో మ్యాథ్స్‌లో సీటు వచ్చింది. ఓపెన్ హౌస్‌కి తల్లీదండ్రులతో వచ్చాడు. హాల్లో ముందు వరస చివర కుర్చీ ఆపుకున్నాడు. ప్రతి సీటు మీదా ఒక పుస్తకం పెట్టి ఉంది. పద్మగారు కాలక్షేపానికి ఒకటి తీసి వాడి ముందు పట్టుకుని పేజీలు తిప్పుతున్నారు. నేను వాళ్ళని పలకరిద్దామని నడుస్తున్నాను.

"ఆగమ్మా," అన్నాడు వాడు. తల్లి పేజీ తిప్పడం ఆపింది. వాడు చాలా త్వరగా చదువుతాడు. ఆ పేజీ మీద మాత్రం చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత ఒక వాక్యం పైకి చదివాడు. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "వాడి శరీరం రోజురోజుకీ ఓడిపోతుంటే పక్కన నిలబడి చూడటం నాకు కరుణ నేర్పింది."

"ఎవర్రా పాపం?" అన్నారు పద్మగారు.

"నేనేనమ్మా."

ఆవిడకి అర్థం కాలేదు. పుస్తకం తనవైపు తిప్పుకుని చదవడం మొదలుపెట్టారు. స్నిగ్ధ అప్పుడు క్లబ్బు టీషర్టు వేసుకుని తలుపు దగ్గర వచ్చేవాళ్ళని పలకరిస్తోంది. కార్తీక్ కుర్చీ తిప్పుకుని ఆమె దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకే ఉన్నాను.

"అక్కా, నీ ఫస్ట్ పేషెంట్ ఇంటికెళ్తానంటున్నాడు. డ్రైవ్ చేస్తావా?"

ఆమె మొహం పాలిపోయింది. "కార్తీ, అది... దట్స్ నాట్... అప్లికేషన్ కోసం అలా రాయాలిరా."

"ఐ నో. బాగా రాశావ్."

వాడు అరిచి ఉంటే బాగుండేది. ఆమె అక్కడే, వచ్చేపోయేవాళ్ళ మధ్య, మెళ్ళో నేమ్‌ట్యాగ్‌తో ఏడ్చింది. తండ్రి వచ్చి అందర్నీ వ్యాన్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఇంట్లో గొడవేమీ జరగలేదని పద్మగారు తర్వాత చెప్పారు. ఒక్కటే మార్పు. ఆ రోజు నుంచి వాడు అక్క చేత్తో తినలేదు. అమ్మ పెట్టాలి, లేకపోతే నాన్న పెట్టాలి. అక్క ప్లేటు తీసుకుంటే "ఆకలి లేదు" అనేవాడు. ఆగస్టులో ఆమె మెడికల్ స్కూల్‌కి వేరే రాష్ట్రం వెళ్ళేదాకా అలాగే గడిచింది.

వాడి ప్రశ్న

కాలేజీ మొదలయ్యాక కార్తీక్ నా ఆఫీసుకి వచ్చాడు. "అంకుల్, ప్రీ-హెల్త్ క్లబ్‌లో జాయిన్ అవుతా."

"నువ్వు మ్యాథ్స్ కదరా."

"రూల్ ఏమైనా ఉందా?"

"లేదు. ఎందుకని అడుగుతున్నా."

"నా గురించి ఇంకేం రాస్తారో చూద్దామని." నవ్వాడు. ఆ నవ్వులో సరదా లేదు.

క్లబ్బు వాణ్ణి ఎంతో ఆదరంగా చేర్చుకుంది. ముందు బెంచీ తీసేసి చోటు చేశారు. కొత్త ప్రెసిడెంట్ మెగన్ వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మరీ మాట్లాడింది. అది కూడా ఎక్కడో శిక్షణలో నేర్చుకున్నదే.

వ్యాసాల రివ్యూ మొదలైంది. ఆలిసన్ అనే అమ్మాయి వ్యాసం తెర మీద వేశారు. ఉచిత క్లినిక్‌లో ఒక ముసలాయన తన చెయ్యి పట్టుకుని ఏడ్చాడని, ఆ క్షణంలో తన జీవిత మార్గం తెలిసిందని రాసింది. అందరూ బాగుందన్నారు. కార్తీక్, "ఆయన పేరేంటి?" అని అడిగాడు.

"పేషెంట్ల పేర్లు బయటికి చెప్పకూడదు," అంది మెగన్.

"చెప్పొద్దు. ఆలిసన్‌కి తెలుసా అని."

ఆలిసన్ తెర వైపు చూసింది. తెలియదు.

అది మొదలు. ఎవరి వ్యాసం వచ్చినా వాడు అదే అడిగేవాడు. పేరేంటి, ఆయన ఏం పని చేసేవాడు, ఆ రోజు క్లినిక్‌కి ఎలా వచ్చాడు. గొంతు పెంచేవాడు కాదు. పెంచడానికి ఊపిరి కూడా ఉండేది కాదు. కొందరు వెనక్కి వెళ్ళి తెలుసుకొచ్చారు. ఆలిసన్ ఆ వ్యాసం తీసి పడేసింది. వెనక బెంచీలో కూర్చున్న నాకు, ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ గదిలో మాట మారుతోందని ఆశ పుట్టింది. అది నేను చేయలేని పని. లోపల ఉన్నవాడే చేయాలి, వాడు చేస్తున్నాడనుకున్నాను.

తర్వాత మెగన్ నా ఆఫీసుకి వచ్చింది. చాలా మర్యాదగా, "డాక్టర్ మూర్తీ, కార్తీక్ అంటే మా అందరికీ చాలా ఇష్టం. కానీ వాడుంటే వ్యాసాలు పూర్తి కావడం లేదు. జనం ఇబ్బంది పడుతున్నారు. రివ్యూలకి మాత్రం రావద్దని మీరు చెబితే..." అంది.

"నేను చెప్పను. నువ్వు చెప్పదలిస్తే వాడి మొహం మీద చెప్పు."

ఆమె చెప్పలేదు. తర్వాతి రివ్యూ రోజు నేను వెళ్ళేసరికి క్లాస్‌రూమ్‌లో కార్తీక్ ఒక్కడే ఉన్నాడు. లైట్లు వేసి ఉన్నాయి, తెర దించి లేదు. కొంతసేపు ఎదురుచూశాం. వాడు తన ఫోన్ చూడమంటే తీసి వాడి ముందు పట్టుకున్నాను. రివ్యూ మెగన్ అపార్ట్‌మెంట్‌కి మార్చామని, అందరూ అక్కడికే రావాలని మెసేజ్ ఉంది. ఆ ఇళ్ళు నాకు తెలుసు. మెగన్ ఉండేది రెండో అంతస్తులో. లిఫ్టు లేదు.

వాడికీ తెలుసు. "ఫర్వాలేదు అంకుల్," అన్నాడు. "పిజ్జా నాకెలాగూ ఇష్టం లేదు." కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయాడు. తలుపు నేను తీసి పట్టుకున్నాను.

మెగన్‌కి ఫోన్ చేస్తే, "ఓ మై గాడ్, మాకసలు తట్టనే లేదు డాక్టర్ మూర్తీ!" అంది. నేను నమ్మాను. కావాలని చేసి ఉంటే కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి దొరికేది. పాతికమంది, రేపు డాక్టర్లు కాబోయేవాళ్ళు, కరుణ గురించి పేజీలకి పేజీలు రాసేవాళ్ళు, ఎక్కుతున్నప్పుడు కూడా ఒక్కరికీ ఆ మెట్లు గుర్తుకు రాలేదు.

మిసెస్ హేల్‌కి చెప్పాను. ప్రైవేటు ఇల్లు కాబట్టి అది క్లబ్బు కార్యక్రమం కిందికి రాదంది. అయినా అందరికీ ఒక ఈమెయిల్ పంపింది. రివ్యూలు మళ్ళీ క్లాస్‌రూమ్‌కి వచ్చాయి. కార్తీక్ రాలేదు. మరో నెలకి ముందు బెంచీ కూడా తిరిగి దాని చోటికి వచ్చేసింది.

మీకు ఒక్కటి చెప్పగలను. క్లబ్బుని బయటినుంచి మార్చలేరు. లోపలినుంచి మార్చేవాడు దొరికితే వాణ్ణి ఒంటరిగా వదలకండి. నేను ప్రతిసారీ వెనక బెంచీలోనే ఉన్నాను, వాడి వైపే ఉన్నాను. అయినా వాడు ఒంటరే అయ్యాడు. ఏం చేసుంటే సరిపోయేదో నాకు ఈనాటికీ అంతు పట్టలేదు.

ఆస్పత్రి

రెండో ఏడు చలికాలంలో కార్తీక్‌కి న్యుమోనియా వచ్చింది. అలాంటి జబ్బున్నవాళ్ళకి దగ్గే బలం ఉండదు. మామూలు జలుబు కూడా ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. నేను చూడటానికి వెళ్ళేసరికి స్నిగ్ధ వచ్చి ఉంది. కారిడార్‌లో డాక్టర్లతో మాట్లాడుతోంది. వేగంగా, పొడి పొడి మాటల్లో, తమ్ముడి పేరు ఎక్కడా రాకుండా. వయసు, జబ్బు, గుండె ఎంత కొడుతోంది, రాత్రి ఊపిరి మిషన్ ఏ ఒత్తిడి మీద పెట్టారు. డాక్టర్లు ఆగి విన్నారు. అంతకుముందు తండ్రి అదే సంగతి చెప్పబోతే నర్సుని అడగమన్నారట. ఈమె చెబితే మందు మార్చారు.

లోపలికి వెళ్ళాక కార్తీక్ మెల్లగా అన్నాడు: "అక్కా, నువ్వు వాళ్ళలాగే మాట్లాడుతున్నావ్."

"అలా మాట్లాడితేనే వాళ్ళు వింటార్రా."

వాడు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. వాదిస్తాడనుకున్నాను. "నీళ్ళు కావాలి," అన్నాడు.

పద్మగారు లేవబోయారు. వాడు అక్క వైపే చూస్తున్నాడు. స్నిగ్ధ చెంచాతో కొంచెం కొంచెంగా పెదాలు తడిపింది. పద్మగారు కారిడార్‌లోకి వెళ్ళిపోయారు. నేనూ వెళ్ళిపోయాను.

ఆ వారం దాటలేదు. అంత్యక్రియలకి క్లబ్బు పిల్లలు వచ్చారు. నల్లబట్టల్లో ఒక మూలగా నిలబడ్డారు. కొందరు నిజంగా ఏడ్చారు. వాళ్ళకి ఏం మాట్లాడాలో తెలియలేదు, అక్కడ ఎవరికీ తెలియదు, ఆ విషయంలో వాళ్ళని తప్పు పట్టను.

స్నిగ్ధ మెడిసిన్ పూర్తిచేసి పాథాలజీ తీసుకుంది. ల్యాబ్‌లో కణజాలం చూసి రోగం తేల్చే పని. "పిల్లల డాక్టర్ అవుతావనుకున్నానమ్మా," అంటే, "స్లైడ్స్ చాలు అంకుల్. ఎవరి స్టోరీ వినక్కర్లేదు," అంది. ఆమె మంచి డాక్టరే, పేరు తెచ్చుకుంది. తమ్ముడి మాట మాత్రం నాతో మళ్ళీ ఎత్తలేదు.

పద్మగారి ఫోన్

కార్తీక్ పోయిన మరుసటి ఏడు పద్మగారు ఫోన్ చేశారు. "మూర్తిగారూ, మీ కాలేజీ అమ్మాయి ఎవరో ఆలిసన్‌ట. మావాడి గురించి అప్లికేషన్‌లో రాసుకుంటానని పర్మిషన్ అడుగుతోందండీ. ఏం చెప్పమంటారు?"

నాకు ఒళ్ళు మండింది. "వద్దని చెప్పండమ్మా. మీరు చెప్పలేకపోతే నేను చెబుతాను."

"సరేనన్నానండీ ఇప్పటికే," అన్నారు. "స్నిగ్ధ వాడి పేరే ఎత్తదు. ఆయన అసలే ఎత్తరు. ఈ అమ్మాయి కూడా రాయకపోతే వాణ్ణి ఇంకెవరు తలుచుకుంటారు చెప్పండి?"

ఆలిసన్‌కి నేనేమీ చెప్పలేదు.

ఆలిసన్ మంచి పిల్లే. పద్మగారింటికి వెళ్ళి కూర్చుని, రాసింది చదివి వినిపించింది. ఆ వేసవిలో వ్యాసం నా బల్ల మీదికి వచ్చింది. పంపే ముందు అందరి వ్యాసాలూ నా దగ్గరికి రావాలి. అది ముందు పెట్టుకుని ఉండగానే పద్మగారి ఫోన్ వచ్చింది.

"ఆ అమ్మాయి చదివి వినిపించిందండీ. పాపం, ఆపి ఆపి అర్థం చెప్పింది. అందులో మావాడు దేవుళ్ళా ఉన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడట! ఎక్కడ నవ్వేవాడండీ? పొద్దున్నే లేపితే నన్ను తిట్టిపోసేవాడు. వాడంత మొండిఘటం ఇంకోడు లేడు. అదే చెప్పాను. రాసుకుంది. చివరికి అది ఉంచిందా?"

పేజీ నా ముందే ఉంది. వాడి చిరునవ్వు మొదట్లో ఉంది, మధ్యలో ఉంది, ముగింపులోనూ ఉంది. మొండితనం ఎక్కడా లేదు. పక్కన అంచులో క్లబ్బు సీనియర్ ఎవరో పెట్టిన టిక్కు ఉంది.

"ఉంచిందమ్మా," అన్నాను.

"ఏమని రాసింది?"

"మొండివాడని. పొద్దున్నే లేపితే మిమ్మల్ని తిట్టేవాడని."

"ఆఁ," అన్నారు పద్మగారు. "వాడే."